టోకెను, సిగ్నల్, తాళం: డివైస్ డ్రైవర్ల కోడ్‌లో మ్యూటెక్స్ భావన – చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతం

చిలకలూరిపేటకు రైలుమార్గం లేదు. పత్తి, మిరప, పొగాకు లారీలు జాతీయ రహదారి మీద రాత్రింబవళ్లు నడిచే ఈ పట్టణంలో రైలెక్కదలచినవారు నరసరావుపేటకో గుంటూరుకో పోవాలి. నరసరావుపేట మీదుగా గుంటూరు, గుంతకల్లులను కలిపే మార్గం 19వ శతాబ్దం చివర మీటర్‌గేజిగా మొదలైంది. తరువాత బ్రాడ్‌గేజిగా మారినా చాలాకాలం ఒంటి వరుసగానే నడిచింది. ఒకే జత పట్టాల మీద ఎదురెదురుగా వచ్చే రెండు బళ్లలో ఏది ముందు పోవాలన్నది అక్కడి నిత్యసమస్య. కంప్యూటర్‌లో ఒకే పరికరం కోసం రెండు ప్రోగ్రాములు ఒకేసారి వచ్చినప్పుడు తలెత్తే సమస్య కూడా ఇదే. ఈ రెండింటికీ ఉన్న సంబంధం పోలికతో ఆగిపోదు. పదాల చరిత్రలో దానికి ఆధారాలున్నాయి.

తెలుగు శాఖలో పనిచేస్తున్న ఈ వ్యాసకర్తను కంప్యూటర్ శాస్త్ర విద్యార్థులు తరచు అడిగే ప్రశ్నల్లో ఒకటి: “మ్యూటెక్స్‌కు తెలుగేమిటి?” ఒక పదం చెప్పి పంపవచ్చు. కాని ఆ పదం ఇంగ్లీషులోనే నలభయ్యేళ్లపాటు రెండు వేర్వేరు వస్తువులకు పేరుగా చెలామణి అయింది. ఆ గందరగోళం పాఠ్యగ్రంథాల్లోకి, వాటినుంచి లక్షల యంత్రాల్లో నడిచే కోడ్‌లోకి పాకింది. కాబట్టి అనువాదానికి ముందు చరిత్ర తెలుసుకోవాలి. డివైస్ డ్రైవర్ల కోడ్‌లో తాళాల చరిత్ర అనుమతి అనే భావన నుంచి స్వామ్యం అనే భావన వైపు సాగిందనీ, పేరూ వస్తువూ ఒకటైన తరువాతనే ఆ కోడ్‌ను నమ్మకంగా సమీక్షించడం సాధ్యమైందనీ చూపడం ఈ వ్యాసం లక్ష్యం. ఉదాహరణలు ప్రధానంగా లైనక్స్ కెర్నెల్ నుంచి తీసుకున్నవి. దాని కోడ్, మార్పుల చరిత్ర, చర్చలు బహిరంగంగా లభించడం ఈ ఎంపికకు కారణం.

ఒంటి వరుస మీద టోకెను

1874 సెప్టెంబరు 10 రాత్రి ఇంగ్లండులో నార్విచ్ సమీపాన థోర్ప్ వద్ద ఒంటి వరుస మీద రెండు రైళ్లు ఎదురెదురుగా ఢీకొన్నాయి. రెండు డజన్లకు పైగా మనుషులు మరణించారు. బళ్లకు అనుమతి టెలిగ్రాఫ్ సందేశం ద్వారా ఇచ్చే పద్ధతి అప్పుడు ఉండేది. ఒక బండికి అనుమతి తెలిపే సందేశం పొరపాటున వెళ్లిపోయింది. దాన్ని వెనక్కి తీసుకునేలోపే ఆ బండి బయలుదేరింది. మాటగా ఇచ్చిన అనుమతికి రెండు ప్రతులు పుట్టగలవన్నదీ, పంపిన మాటను వెనక్కి రప్పించడం కష్టమన్నదీ ఆ ప్రమాదం నేర్పిన పాఠం.

దీనికి ఎడ్వర్డ్ టయర్ 1878లో చూపిన పరిష్కారం అనుమతిని ఒక వస్తువుగా మార్చడం. రెండు స్టేషన్లలో రెండు యంత్రాలు ఉంటాయి. విద్యుత్ తీగ వాటిని కలుపుతుంది. రెండింటిలో కలిపి ఒక సమయంలో ఒక్క పలక మాత్రమే బయటికి వస్తుంది. అది చేతిలో లేనిదే డ్రైవరు బండి కదపకూడదు. భారతీయ రైల్వేల్లో ఈ సూత్రం మీద విస్తృతంగా వాడుకలోకి వచ్చినది నీల్స్ బాల్ టోకెన్ యంత్రం. అందులో పలకకు బదులు ఇనుప బంతి ఉంటుంది. బంతిని తోలుసంచిలో పెట్టి, పెద్ద వలయానికి తగిలించి, నడుస్తున్న ఇంజిను డ్రైవరుకు స్టేషను సిబ్బంది అందించే దృశ్యం మన ప్రాంతపు పాత తరం ప్రయాణికులకు పరిచితమే.

ఈ పద్ధతిలో మూడు లక్షణాలు గమనించదగినవి. ఒకటి, బంతి మీద అది ఏ సెక్షనుకు చెందినదో చెక్కి ఉంటుంది. అది తన సెక్షనుదేనని డ్రైవరు చూసుకోవాలి. రెండు, బంతి ఎవరి చేతిలో ఉన్నదో ఆ బండికే దారి మీద హక్కు ఉంటుంది. మూడు, తీసుకున్నవాడే దాన్ని అవతలి స్టేషనులో అప్పగించాలి. అంతవరకు మరో బంతి బయటికి రాదు. దారికి పేరు, దారికి స్వామి, అప్పగించే బాధ్యత అన్న ఈ మూడు విషయాలే తరువాతి చర్చకు ఆధారం.

డైక్‌స్ట్రా సిగ్నల్

1960ల ఆరంభంలో డచ్ శాస్త్రవేత్త ఎడ్స్‌గర్ డైక్‌స్ట్రా ఒకే కంప్యూటర్‌లో పలు ప్రక్రియలు సహకరించుకుంటూ నడిచే తీరును అధ్యయనం చేశాడు. రెండు ప్రక్రియలు ఒకేసారి ప్రవేశించకూడని కోడ్ భాగాన్ని కీలక విభాగం అన్నాడు. రెండు ప్రక్రియల మధ్య ఈ నియమాన్ని నిలబెట్టే తొలి సరైన పరిష్కారం డెక్కర్ అనే గణితవేత్తదని ఆయనే పేర్కొన్నాడు. ఎన్ని ప్రక్రియలకైనా వర్తించే పరిష్కారాన్ని తాను 1965లో ప్రకటించాడు.

అంతకన్నా ఎక్కువ ప్రభావం చూపినది ఆయన రూపొందించిన సెమాఫోర్. డచ్ పత్రాల్లో ఆయన వాడిన మాట సైన్‌పాల్, అంటే రైలు పట్టాల పక్కన నిలిచే సిగ్నల్ స్తంభం. సెమాఫోర్ మీద జరిగే రెండు చర్యలకు ఆయన పి, వి అనే అక్షరాలు పెట్టాడు. తొలి రచనల్లో వీటికి మూలమైన డచ్ పదాలు ‘దాటడం’, ‘విడుదల చేయడం’ అన్న అర్థాలు కలవి. ఇవి రెండూ రైల్వే పరిభాషను తలపిస్తాయి. తరువాతి రచనల్లో ఆయన పి అక్షరానికి ‘తగ్గించడానికి ప్రయత్నించడం’ అని వివరణ ఇస్తూ కొత్త డచ్ పదాన్నే కల్పించాడు. సెమాఫోర్ నిజానికి ఒక సంఖ్య. పి దాన్ని ఒకటి తగ్గిస్తుంది. తగ్గించడం వీలుకాకపోతే ప్రక్రియ ఆగి నిరీక్షిస్తుంది. వి దాన్ని ఒకటి పెంచుతుంది.

ఇక్కడ ఒక సూక్ష్మమైన భేదం ఉంది. ఒంటి వరుసను కాపాడే రైల్వే ఉపకరణాల్లో సిగ్నల్, టోకెను రెండూ ఉన్నా డైక్‌స్ట్రా ఉపమానం సిగ్నల్ నుంచి వచ్చింది. సిగ్నల్ “ఇక పోవచ్చు” అని చెబుతుంది. పోయేవాడెవడో దానికి పట్టదు. అలాగే సెమాఫోర్‌లో ఒక ప్రక్రియ పి చేస్తే మరో ప్రక్రియ వి చేయవచ్చు. ఒకరు తీసుకున్నదాన్ని మరొకరు వదలవచ్చు. ఒక ప్రక్రియ మరొకదానికి కబురు పంపాల్సిన చోట ఈ స్వేచ్ఛ అవసరం కూడా. కాని ఒక సమాచారాన్ని కాపాడవలసిన చోట అదే స్వేచ్ఛ లోపంగా మారుతుంది.

ఐండ్‌హోవెన్‌లో తన బృందం నిర్మించిన ఆపరేటింగ్ సిస్టమ్‌ను వివరిస్తూ 1968లో ప్రచురించిన వ్యాసంలో డైక్‌స్ట్రా, కీలక విభాగాన్ని కాపాడే సెమాఫోర్‌కు ‘మ్యూటెక్స్’ అని పేరుపెట్టాడు. ‘మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్’ అన్న మాటకు అది సంక్షిప్త రూపం. అంటే మ్యూటెక్స్ అన్నది మొదట ఒక వస్తువర్గం పేరు కాదు. ఒకటి విలువతో ఆరంభమయ్యే ఒకానొక సెమాఫోర్ పేరు. నామవాచకం కాలక్రమంలో జాతివాచకం కావడం భాషాశాస్త్రంలో పరిచిత విషయమే. ఇక్కడ ఆ మార్పు పూర్తికావడానికి దాదాపు నాలుగు దశాబ్దాలు పట్టింది.

ఒకే ప్రాసెసర్ నుంచి మహా తాళం వరకు

1969లో మొదలైన యూనిక్స్ తొలినాళ్లలో ఒకే ప్రాసెసర్ ఉన్న యంత్రాల మీద నడిచింది. కెర్నెల్‌లో ఉన్న ప్రక్రియ తనంత తాను ఆగితే తప్ప మరో ప్రక్రియ లోపలికి వచ్చేది కాదు. డ్రైవర్ రచయిత భయపడవలసింది పరికరం నుంచి వచ్చే ఇంటరప్ట్‌కు మాత్రమే. సున్నితమైన చోట్ల కాసేపు ఇంటరప్ట్‌లను ఆపితే సరిపోయేది. ఇంటి తలుపుకు తాళం లేదు. వీధి తలుపు మూసి లోపల పని చేసుకునేవారు.

రెండు ప్రాసెసర్లు రాగానే ఈ ఏర్పాటు కూలింది. ఒక ప్రాసెసర్ తన ఇంటరప్ట్‌లను ఆపుకున్నా రెండోది అదే కోడ్‌ను నడపగలదు. 1996 జూన్‌లో విడుదలైన లైనక్స్ 2.0 ఇలాంటి యంత్రాలను సమర్థిస్తూ ‘బిగ్ కెర్నెల్ లాక్’ను ప్రవేశపెట్టింది. కెర్నెల్ మొత్తానికి ఒకే తాళం. ఏ ప్రాసెసర్ కెర్నెల్‌లోకి వచ్చినా దాన్ని తీసుకోవాలి. భద్రత దృష్ట్యా ఇది సులువైన పరిష్కారం. ఊరంతటికీ ఒకే ఇంటి తాళంచెవి ఉంటే దొంగతనం ఉండదు గాని, ఒకరు ఇంట్లో ఉన్నంతసేపు మిగిలిన ఊరు వీధిలో నిలబడాలి. పైగా ఆ తాళానికి ఒక విచిత్ర లక్షణం ఉండేది. దాన్ని పట్టుకున్న ప్రక్రియ నిద్రలోకి జారితే తాళం దానంతటదే వదులయ్యేది, మేల్కొనగానే మళ్లీ చిక్కేది. ఫలితంగా ఈ తాళం కచ్చితంగా ఏ సమాచారాన్ని కాపాడుతున్నదో కోడ్ చదివి చెప్పడం కష్టమైంది.

ఇక్కడ డ్రైవర్ల పరిస్థితి ప్రత్యేకమైనది. కెర్నెల్ కోడ్‌లో పరిమాణరీత్యా అత్యధిక భాగం డ్రైవర్లదే. వాటిని రాసేవారిలో పరికరాన్ని బాగా ఎరిగినవారు ఎక్కువ, కెర్నెల్‌ను బాగా ఎరిగినవారు తక్కువ. పరికరానికి ఆదేశాలు పంపే ఐఓసీటీఎల్ అనే ప్రవేశద్వారాన్ని కెర్నెల్ తానే మహా తాళం వేసి పిలిచేది. అందువల్ల చాలామంది డ్రైవర్ రచయితలు తమ కోడ్ ఒక తాళం నీడలో నడుస్తున్నదన్న సంగతే గుర్తించలేదు. 2005లో 2.6.11 విడుదలతో తాళం లేని ఐఓసీటీఎల్ ద్వారం వచ్చింది. పాత ద్వారాన్ని 2010లో 2.6.36 విడుదలలో తొలగించారు. మహా తాళం చివరి అవశేషాలు ఆర్న్డ్ బెర్గ్‌మన్ కృషితో 2011 మేలో 2.6.39 విడుదల నాటికి పోయాయి. ఒక్క వాక్యంలో ప్రవేశపెట్టిన తాళాన్ని తీసేయడానికి పదిహేనేళ్లు పట్టడానికి కారణం స్పష్టం. ప్రతి డ్రైవర్‌లోనూ “ఈ తాళం ఇక్కడ దేన్ని కాపాడుతున్నది?” అన్న ప్రశ్నకు ఎవరో ఒకరు కూర్చుని జవాబు వెతకవలసివచ్చింది.

పేరు, వస్తువు

మహా తాళం నీడ తొలగుతున్న కాలంలో డ్రైవర్లు సొంత తాళాలు వేసుకోవలసివచ్చింది. నిద్రించడానికి వీలున్న చోట అప్పటికి లైనక్స్‌లో ఉన్నది సెమాఫోర్. దాన్ని ఒకటి విలువతో ప్రకటించే మాక్రోకు ‘డిక్లేర్ మ్యూటెక్స్’ అనీ, ఆరంభింపజేసే చర్యకు ‘ఇనిట్ మ్యూటెక్స్’ అనీ పేర్లుండేవి. ఇవి ప్రకటించిన వస్తువు మాత్రం సెమాఫోరే. 1968 నాటి వ్యాసంలోని పేరు 2000ల కోడ్‌లోనూ అదే అస్పష్టతతో నిలిచిందన్నమాట. పేరు చదివినవాడు తీసుకున్నవాడే వదలాలన్న నియమాన్ని ఊహిస్తాడు. వస్తువు ఆ నియమాన్ని పట్టించుకోదు.

ఈ అస్పష్టతకు ఫలితాలు కనిపించాయి. ఒక పని పూర్తయ్యేదాకా ఆగడానికీ సెమాఫోర్‌నే వాడేవారు. మూసిన స్థితిలో సెమాఫోర్‌ను పెట్టి, పని ముగించిన ప్రక్రియ దాన్ని తెరిచే పద్ధతి అది. సెమాఫోర్ ఉన్న స్మృతిభాగాన్ని మేల్కొన్న ప్రక్రియ విడుదల చేసేసరికి, తెరిచిన ప్రక్రియ ఇంకా దాన్ని తాకుతూ ఉండే ప్రమాదం ఉండేది. ఇందుకోసం 2001లో 2.4.7 విడుదలలో ‘కంప్లీషన్’ అనే వేరే సాధనం వచ్చింది. అది కబురు పనిని సెమాఫోర్ నుంచి వేరుచేసింది.

కాపలా పనిని వేరుచేసినది 2006 మార్చిలో విడుదలైన 2.6.16. ఇంగో మోల్నార్ రూపొందించిన కొత్త మ్యూటెక్స్ అందులో చేరింది. దాని నియమాలు కఠినమైనవి. ఒక సమయంలో ఒక్క ప్రక్రియే దాన్ని పట్టుకోగలదు. పట్టుకున్నదే వదలాలి. పట్టుకున్నది మళ్లీ దాన్నే కోరకూడదు. పట్టుకుని ఉండగా ప్రక్రియ ముగిసిపోకూడదు. ఇంటరప్ట్ సందర్భంలో వాడకూడదు. పట్టుకుని ఉన్న మ్యూటెక్స్ ఉన్న స్మృతిని విడుదల చేయకూడదు. నాటి ఎక్స్86 యంత్రాలపై సెమాఫోర్ 20 బైట్లు కాగా ఇది 16 బైట్లని రూపకల్పన పత్రం లెక్క చూపింది. పరిమాణం, వేగం మెరుగైన మాట నిజమే. అయితే చరిత్ర దృష్టికి ముఖ్యమైనది వేరొకటి. తాళానికి స్వామి ఎవరో తెలిస్తే నియమం తప్పినప్పుడు యంత్రమే దాన్ని పట్టుకోగలదు. తప్పనిసరి స్వేచ్ఛను తగ్గించడం వల్ల తప్పు కనిపించే వీలు పెరిగింది.

రైల్వే ఉపమానంలో చెప్పాలంటే, సిగ్నల్‌తో మొదలైన కంప్యూటర్ శాస్త్రం మళ్లీ టోకెను దగ్గరికి వచ్చింది. ‘డిక్లేర్ మ్యూటెక్స్’ వంటి పాత పేర్లను 2010–11 ప్రాంతంలో తొలగించి, సెమాఫోర్‌ను సెమాఫోర్ అనే పిలిచేలా మార్చారు.

పాఠ్యగ్రంథం సంగతి కూడా ఇక్కడ చెప్పుకోవాలి. కార్బెట్, రుబిని, క్రోవా-హార్ట్‌మన్ రచించిన లైనక్స్ డివైస్ డ్రైవర్స్ మూడో కూర్పు 2005లో 2.6.10 కెర్నెల్ ఆధారంగా వెలువడింది. ఉచితంగా చదువుకునే వీలు కల్పించిన గొప్ప గ్రంథమది. కాని అందులోని ఏకకాలిక ప్రవేశాల అధ్యాయం సెమాఫోర్‌నే మ్యూటెక్స్‌గా బోధిస్తుంది. మ్యూటెక్స్ వచ్చింది మరుసటి ఏడాది. గ్రంథకర్తల తప్పేమీ లేదు. ఆ గ్రంథాన్ని నేటి పాఠంగా చెప్పే అధ్యాపకులు ఈ ఒక్క సంవత్సరపు ఎడాన్ని విద్యార్థులకు చెప్పకపోతే తప్పు మనదవుతుంది.

సమీక్షకుడి ప్రశ్నలు

ఈ చరిత్ర డ్రైవర్ కోడ్ సమీక్షలో ఎలా పనికివస్తుందో ఒక ఊహాత్మక ఉదాహరణతో చూద్దాం. ఒక జిన్నింగు మిల్లులో పత్తి బేళ్లు తూచే ఎలక్ట్రానిక్ కాటా ఉంది. దాన్ని కంప్యూటర్‌కు కలిపే డ్రైవర్ ప్రతి బేలు బరువును మొత్తానికి కలుపుతుంది. మన దేశంలో ప్రామాణిక బేలు బరువు 170 కిలోలు. మొత్తం 1,700 కిలోలు ఉండగా రెండు ప్రక్రియలు ఒకేసారి ఒక్కో బేలు నమోదు చేస్తాయనుకుందాం. రెండూ 1,700 అని చదివి, రెండూ 170 కలిపి, రెండూ 1,870 అని రాస్తాయి. రావలసినది 2,040. ఒక బేలు లెక్కలో మాయమైంది. కాటా సరిగానే తూచింది, ప్రోగ్రాము ఆగలేదు, హెచ్చరిక రాలేదు. ఇలాంటి పోటీస్థితి లోపాలు పరీక్షలో అరుదుగా బయటపడతాయి. అందుకే వాటిని కోడ్ చదివి పట్టుకోవలసివస్తుంది.

రచయిత ఒక మ్యూటెక్స్ చేర్చాడు. సమీక్షకుడు వేయవలసిన మొదటి ప్రశ్న: ఈ తాళం ఏ సమాచారానిది? బంతి మీద సెక్షను పేరు చెక్కినట్లు తాళం ప్రకటన పక్కనే “మొత్తం బరువు, చివరి బేలు సంఖ్యలను ఇది కాపాడుతుంది” అన్న వ్యాఖ్య ఉండాలి. తాళం కోడ్‌ను కాపాడుతుందనుకోవడం మహా తాళం కాలపు అలవాటు.

రెండో ప్రశ్న: ఆ సమాచారాన్ని తాకే దారులన్నీ తాళం తీసుకుంటున్నాయా? రాసే చోట తాళం వేసి, “చదవడమే కదా” అని చదివే చోట వదిలేయడం తరచు కనిపించే లోపం. 32 బిట్ల యంత్రం మీద 64 బిట్ల విలువను రెండు దఫాలుగా చదవవలసివస్తుంది. ఆ మధ్యలో విలువ మారితే ఎన్నడూ లేని మూడో సంఖ్య వస్తుంది.

మూడోది సందర్భం. కాటా నుంచి సమాచారం రాగానే నడిచే ఇంటరప్ట్ కోడ్ నిద్రించలేదు. మ్యూటెక్స్ కోసం ఆగడమంటే నిద్రించడమే. కనుక ఇంటరప్ట్ తాకే బఫర్‌కు స్పిన్‌లాక్ కావాలి. ప్రక్రియ వైపు దాన్ని తీసుకునేటప్పుడు ఆ ప్రాసెసర్ మీద ఇంటరప్ట్‌లను ఆపాలి. స్పిన్‌లాక్ పట్టుకుని మ్యూటెక్స్ కోరకూడదు.

నాలుగోది క్రమం. రెండు మ్యూటెక్స్‌లున్నప్పుడు ఒక దారి మొదటిది పట్టుకుని రెండోదానికోసం, మరో దారి రెండోది పట్టుకుని మొదటిదానికోసం ఆగితే ప్రతిష్టంభన తప్పదు. కోడ్ అంతటా ఒకే క్రమం ఉండాలి.

అయిదోది అప్పగింత. కాటా జవాబివ్వలేదని మధ్యలోనే వెనుదిరిగే దోషమార్గంలో తాళం వదిలారా? మరచిపోతే తరువాత వచ్చిన ప్రతి ప్రక్రియా శాశ్వతంగా ఆగిపోతుంది. బంతిని జేబులో వేసుకుని డ్రైవరు ఇంటికి పోయినట్లు.

ఆరోది ఆయుర్దాయం, అన్నిటిలోకీ కఠినమైనది. తూకం జరుగుతుండగా ఎవరో కేబుల్ పీకేశారు. డ్రైవర్ తన సమాచార నిర్మాణాన్ని, అందులోని మ్యూటెక్స్‌తో సహా, విడుదల చేస్తుంది. అదే మ్యూటెక్స్ కోసం మరో ప్రక్రియ ఆగి ఉంటే అది మేల్కొనేది లేని చోట. తాళం తనను మోస్తున్న వస్తువు ఆయుర్దాయాన్ని కాపాడలేదు. ఆ పని వాడుకదారుల లెక్క చూసే వేరే ఏర్పాటుది. అలాగే, వెనుక నడిచే పనిని రద్దుచేసి అది ముగిసేదాకా ఆగేటప్పుడు, ఆ పని కోరే తాళాన్ని మనమే పట్టుకుని ఉంటే ఇద్దరికీ ముందుకు దారి ఉండదు.

యంత్రం చూసేది, మనిషి చూసేది

పై ప్రశ్నల్లో కొన్నింటికి యంత్రమే జవాబు చెప్పగలదు. 2006 సెప్టెంబరులో 2.6.18 విడుదలతో వచ్చిన లాక్‌డెప్ అనే సాధనం తాళాలు తీసుకునే క్రమాన్ని నమోదు చేస్తుంది. ప్రతిష్టంభన నిజంగా జరగకపోయినా, విరుద్ధ క్రమాలు రెండూ వేర్వేరు సమయాల్లో కనబడితే చాలు, హెచ్చరిస్తుంది. స్వామి ఉన్న తాళం కావడం వల్ల మ్యూటెక్స్ ఈ పరిశీలనకు చక్కగా ఒదిగింది. కాని అది నడిచిన దారులనే చూస్తుంది. కేబుల్ పీకే దారి ఎవరూ నడపకపోతే అక్కడి లోపం దానికి తెలియదు. తాళమే వేయని చోట అది చెప్పగలిగింది ఏమీ లేదు.

మ్యూటెక్స్ ఉన్నంత మాత్రాన రూపకల్పన సరైనదని చెప్పలేమనడానికి 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ నౌక ప్రసిద్ధ ఉదాహరణ. దాని కంప్యూటర్ మాటిమాటికీ పునఃప్రారంభమైంది. తక్కువ ప్రాధాన్యం గల పని ఒక మ్యూటెక్స్ పట్టుకుని ఉండగా, మధ్యస్థ ప్రాధాన్యం గల పనులు దాన్ని నడవనీయలేదు. ఫలితంగా అత్యధిక ప్రాధాన్యం గల పని ఆ మ్యూటెక్స్ కోసం ఆగిపోయింది. తాళం పట్టుకున్నవాడికి, దానికోసం ఆగినవాడి ప్రాధాన్యాన్ని తాత్కాలికంగా ఇవ్వడం ఇందుకు మందు. ఈ పద్ధతిని శాస్త్రీయంగా ప్రతిపాదించిన 1990 నాటి పరిశోధనపత్రం రచయితలు ముగ్గురిలో తమిళనాడులో ఇంజినీరింగు చదివిన రాజ్‌కుమార్ ఒకరు. నౌకలోని ఆపరేటింగ్ సిస్టమ్‌లో ఆ సౌకర్యం ఉంది. ఆ ఒక్క మ్యూటెక్స్‌కు దాన్ని ఆన్ చేయలేదు. భూమి మీది నకలు యంత్రంలో లోపాన్ని పునఃసృష్టించి, సవరణను అంగారకుడికి పంపారు. ఈ మందుకు ముందు షరతు ఒకటుంది. తాళం ఎవరి దగ్గర ఉన్నదో తెలియాలి. స్వామి లేని సెమాఫోర్‌కు ప్రాధాన్యం ఎవరికి అప్పగిస్తారు?

మనిషి చేసే సమీక్షకు సాహిత్య విద్యార్థులెరిగిన సన్నిహితమైన పని పాఠపరిష్కరణ. 19వ శతాబ్దంలో సి.పి. బ్రౌన్ పండితుల సహాయంతో ఒకే కావ్యానికి పలు తాళపత్ర ప్రతులు సేకరించి, పాఠాలను పోల్చి, శుద్ధప్రతులు రాయించాడు. పరిష్కర్త ఒక పదం దగ్గర ఆగి “ఈ పాఠం ఇక్కడ ఎందుకుంది, లేకపోతే ఏమవుతుంది?” అని అడుగుతాడు. కోడ్ సమీక్షకుడు ప్రతి తాళం దగ్గర అడిగేదీ అదే. పరిష్కర్త పీఠికలో తన బాధ్యతను ప్రకటించుకున్నట్లే, లైనక్స్‌లో మార్పును సమీక్షించినవారు తమ పేరును ఆ మార్పు కింద శాశ్వతంగా నమోదు చేస్తారు. ఒక ముఖ్య భేదముంది. పరిష్కర్త ముందు ఉన్న పాఠాలన్నీ ఏదో ఒక ప్రతిలో కనిపిస్తాయి. సమీక్షకుడు వెతికే పాఠం, రెండు ప్రక్రియలు ఒకదానిలో ఒకటి అల్లుకున్న వరస, ఏ పుటలోనూ రాసి ఉండదు. దాన్ని ఊహించి చదవాలి.

తెలుగు పదం

ఇక మొదటి ప్రశ్నకు రావచ్చు. ‘మ్యూచువల్ ఎక్స్‌క్లూజన్’ అన్న భావనకు ‘పరస్పర వర్జనం’ సరిపోతుంది. అది ఒక ధర్మం. మ్యూటెక్స్ ఆ ధర్మాన్ని సాధించే సాధనం. రెంటికీ ఒకే పదం వాడకూడదు.

సాధనానికి ‘వంతు’ అన్న మాట సహజంగా తోస్తుంది. నాగార్జునసాగర్ కుడి కాలువ ఆయకట్టులో రైతులకు వారబందీ తెలుసు. వంతు వచ్చినవాడికి నీరు, గడువు తీరగానే పక్కవాడికి. కాని వంతుకు కొలత కాలం. పని పూర్తయినా కాకున్నా గడువు తీరితే వదలాలి. మ్యూటెక్స్‌కు గడువు లేదు, పని ముగియడమే హద్దు. కాబట్టి వంతు అన్న పదం ప్రాసెసర్ కాలాన్ని పంచే షెడ్యూలర్‌కు తగినది. ‘ఏకస్వామ్య తాళం’ అనవచ్చుగాని, ఏకస్వామ్యం అర్థశాస్త్రంలో మరో అర్థంతో స్థిరపడింది. ‘స్వామ్య తాళం’ అంటే స్వామి గల తాళమన్న అర్థం నిలుస్తుంది. సెమాఫోర్‌ను ‘అనుమతుల లెక్క’ అని వివరించవచ్చు. తరగతిలో మ్యూటెక్స్, సెమాఫోర్ అన్న పదాలనే వాడి, ఈ తెలుగు మాటలను వివరణలుగా ఇవ్వడం మేలు. విద్యార్థి కోడ్‌లో చూడబోయేవి ఆ పేర్లే. కాని వివరణలో స్వామ్యం, అనుమతి అన్న భేదం మాయమైతే 1968 నాటి అస్పష్టతను మనం తెలుగులో మళ్లీ మొదలుపెట్టినవాళ్లమవుతాం.

ముగింపు

చరిత్ర ఇక్కడితో ఆగలేదు. 2022 డిసెంబరులో లైనక్స్ 6.1 విడుదల రస్ట్ భాషకు ఆరంభ మద్దతు ఇచ్చింది. రస్ట్‌లో మ్యూటెక్స్ తాను కాపాడే సమాచారాన్ని తనలోనే దాచుకుంటుంది. తాళం తీయనిదే సమాచారం చేతికి రాదు. తాళం పట్టుకున్న హక్కు పరిధి ముగియగానే అది దానంతటదే విడుదలవుతుంది. 2023లో సి భాషలోని కెర్నెల్ కోడ్‌కు కూడా పరిధి ముగియగానే తాళం వదిలే సౌకర్యం చేరింది. ఇలా పైన చెప్పిన మొదటి, రెండో, అయిదో ప్రశ్నల భారాన్ని కొంతవరకు భాషే మోస్తున్నది. క్రమం గురించీ, తాళం పట్టుకుని చేసే పని గురించీ ప్రశ్నలు మాత్రం సమీక్షకుడికే మిగిలాయి.

మరోవైపు ఒంటి వరుస మీది ఇనుప బంతి కూడా కనుమరుగవుతున్నది. రైళ్లు ఢీకొనకుండా కాపాడేందుకు మన దేశంలో రూపొందించిన కవచ్ వ్యవస్థను 2022 మార్చి 4న సికింద్రాబాదు డివిజనులోని గుల్లగూడ, చిట్‌గిద్ద స్టేషన్ల మధ్య ప్రదర్శించారు. ఒకప్పుడు డ్రైవరు చేతిలో బరువుగా తగిలిన అనుమతి ఇప్పుడు కంటికి కనబడని కోడ్‌లోకి చేరుతున్నది. బంతి తనదో కాదో చూసుకోవడానికి డ్రైవరుకు రెండు కళ్లు చాలేవి. కోడ్‌లోని అనుమతిని చూడగలిగేది దాన్ని చదవడం నేర్చినవారే. నరసరావుపేటలో రైలెక్కే మన విద్యార్థుల్లో కొందరు రేపు అలాంటి కోడ్ రాస్తారు, మరికొందరు సమీక్షిస్తారు. వాళ్లకు సెమాఫోర్ అనుమతి ఇస్తుందనీ, మ్యూటెక్స్ బాధ్యత అప్పగిస్తుందనీ వాళ్ల భాషలో స్పష్టంగా చెప్పడం తెలుగు అధ్యాపకుల పనిలోనూ భాగమే.